ఐవర్ వేలెత్తే చోటు

అక్టోబర్ 9, గురువారం

డాక్టరమ్మ ఒక నోటు పుస్తకం పెట్టమంది. మా ఆయన ఐవర్‌లో కనిపించిన ప్రతి చిన్న మెరుగూ అందులో రాయాలట. పెట్టాను. ఎర్ర అట్ట పుస్తకం, వంటింట్లో రొట్టెల డబ్బా పక్కన ఉంటుంది. ఐవర్ కూడా తీసి చదువుతాడు. ఇది ఆ పుస్తకం కాదు. ఇది నా ఊలు బుట్టలో అడుగున ఉంటుంది, దీన్ని ఎవరూ చదవరు.

ఎర్ర పుస్తకంలో ఇవాళ రాసింది: చొక్కా గుండీలు మూడు తనే పెట్టుకున్నాడు.

ఇక్కడ రాయాల్సింది వేరే. ఆసుపత్రి నుంచి వచ్చి పదకొండు రోజులైంది. పక్షవాతం ఎడమ చేతిని కొంచెం, ఎడమ కాలిని ఇంకొంచెం లాక్కుని వదిలేసింది. మాట పోలేదు, మతి పోలేదు. మధ్యాహ్నం ముందు గదిలో కూర్చుని, "థెల్మా, ఆ లైడ్ రికార్డు పెట్టు" అన్నాడు. ముప్పై ఏళ్లలో నన్ను తన సంగీతం రికార్డుల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. జాగ్రత్తగా పెట్టి, సూది దించి, అలవాటుగా వంటింట్లోకి వెళ్లిపోయాను. అర నిమిషం కాకుండానే పిలిచాడు.

"ఎవరది, గిన్నెలన్నీ అలా పడేస్తున్నారు?"

"ఎవరూ లేరు ఐవర్. నేను టీ పెడుతున్నాను, అంతే."

"మరి ఆ చప్పుడేమిటి?"

నేను రికార్డు వైపు చూశాను. తనూ అటే చూశాడు.

అక్టోబర్ 13

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. చెవులు బాగానే ఉన్నాయట. చప్పుడు లోపలికి పోతోంది కానీ, మెదడులో దాన్ని పాటగా కూర్చే చోటు దెబ్బతిందట. "వచ్చేదేదో ఆరు నెలల్లో వస్తుందండీ" అంది. ఆ తర్వాత ఏమిటని అడగలేదు. జబ్బు చేసింది సెప్టెంబర్ ఏడున. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మార్చి ఏడు.

అక్టోబర్ 14

ఎర్ర పుస్తకం: రెండు మెట్లు ఎక్కాడు. ఇక్కడ: ఏమీ లేదు.

అక్టోబర్ 26

ముందు గది నిండా రికార్డులే. రెండు వేలకి పైనే ఉంటాయి. అందులో లోకానికంతా తెలిసిన వాళ్లు ఒక్కరూ లేరు. "వాళ్లకి నాతో పనేముంది, వాళ్ల సంగతి చూసుకునే వాళ్లు బోలెడు మంది" అంటాడు. ఇక్కడున్న వాళ్లంతా మన ఇంగ్లండు వాళ్లే, ఎవరికీ పట్టనివాళ్లు. పల్లెటూరి బడిపంతుళ్లు, చర్చిలో ఆర్గన్ వాయించుకునే వాళ్లు, రెండు సింఫనీలు రాసి క్షయతో పోయినవాళ్లు. అందరిలోకీ ముఖ్యుడు కత్‌బర్ట్ లైడ్. ఇక్కడికి నాలుగు మైళ్లలో పుట్టాడు. ఆ ఊళ్లో కూడా ఎవరికీ తెలీదు. అతని రెండో సింఫనీకి లోకంలో ఒక్క రికార్డే ఉంది, దానికీ ఎక్కువ కాపీలు వెయ్యలేదు.

నాకెప్పుడూ ఆ గోల పట్టలేదు. వానలో తడిసిన ముసలాడు గేటు మీద చేతులు పెట్టుకుని పొలం వైపు చూస్తూ నిలబడ్డట్టు ఉంటుంది ఆ సంగీతమంతా. సాయంత్రం తను రికార్డు తియ్యగానే నేను ఊలు తీసుకుని వంటింట్లోకి పోయేదాన్ని. మా లెడ్‌బరీ ఊళ్లో సగం మంది పిల్లలు నేనల్లిన స్వెటర్లు వేసుకుని పెరిగారు, దానికి లైడే కారణం.

ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వంటింట్లోకి పోవాల్సిన అవసరమే లేదు, అయినా పోతున్నాను.

నవంబర్ 6

గ్విలిమ్ ప్రాసర్ వచ్చాడు. రికార్డు సంగీతం వినే మా సంఘానికి అధ్యక్షుడు. పదిహేను రోజులకోసారి, బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి చాపెల్ హాల్లో చేరతారు. ఒకరు ఏవో రికార్డులు తెచ్చి వినిపిస్తారు, మిగతావాళ్లు కళ్లు మూసుకుంటారు, మధ్యలో టీ, బిస్కట్లు. మార్చిలో రెండో బుధవారం ఎప్పుడూ ఐవర్‌దే. అన్నేళ్లుగా వాళ్లకి ఇంగ్లండు వాళ్లనే వినిపిస్తున్నాడు, చివర్న లైడ్ తప్పనిసరి. అందులో ఒక చోట వేలెత్తుతాడు. చూపుడు వేలు, గాల్లోకి, కొద్దిగా. ఆ చోటు కోసమే అందరూ కాచుకుని ఉంటారు.

"మార్చి సంగతి ఏం చేద్దాం? నీకు ఓపిక లేదంటే చెప్పు, మొహమాటం వద్దు. నేనే ఏదో తంటాలు పడతాను" అన్నాడు గ్విలిమ్.

"నువ్వు తంటాలు పడితే మళ్లీ ఆ మిలటరీ బ్యాండులే. జనం చచ్చిపోతారు. నేనే చేస్తాను."

"మరి చెయ్యి..."

"రికార్డు పెట్టడానికి ఒక చెయ్యి చాలు."

గ్విలిమ్ వెళ్లాక అడిగాను, ఎందుకు ఒప్పుకున్నావని.

"మార్చికి వచ్చేస్తుందిగా" అన్నాడు.

"వాళ్లకి చెప్పొచ్చు కదా, పరిస్థితి ఇదీ అని."

"చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు ముసలిదానా. సంగీతం పోయినవాడు ఆ హాల్లో ఏం చేస్తాడు, బిస్కట్లు పంచుతాడా?"

నవంబర్ 18, మంగళవారం

సంతకి వెళ్లి వచ్చేసరికి ఐవర్ కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. అటుగా పోతూ చెయ్యి ఆనిస్తే రికార్డు ప్లేయర్ వెచ్చగా తగిలింది. నేను లేనప్పుడు వింటున్నాడన్నమాట. ఏమీ అడగలేదు. ఎర్ర పుస్తకంలో రాశాను: తనంతట తను రికార్డు విన్నాడు. కింద గీత కూడా గీశాను.

రాత్రి భోజనం ముందు ఐవర్ ఆ పేజీ చదివి, పుస్తకం మూసి, అక్కడే పెట్టేశాడు.

నవంబర్ 25

మళ్లీ వెచ్చగా ఉంది.

డిసెంబర్ 2

వెచ్చగా ఉంది. కావాలనే వెన్న మరిచిపోయి, దాని కోసం మళ్లీ బజారుకి పోయి, ఇంకో ముప్పావుగంట తిరిగి వచ్చాను. వస్తోంది, తప్పకుండా వస్తోంది. లేకపోతే ఎందుకు పెట్టుకుంటాడు?

డిసెంబర్ 25

చర్చిలో పాడేటప్పుడు ఐవర్ పెదాలు కదిపాడు. ముందు వరసలో ఆవిడ దవడ చూస్తూ కదిపాడు. ఎర్ర పుస్తకంలో "పాడాడు" అని రాశాను.

జనవరి 14

ఇవాళ తనే మొదలుపెట్టాడు. పొద్దున రొట్టెకి మార్మలేడు రాసుకుంటూ, తల ఎత్తకుండా.

"నువ్వు నాకో సాయం చెయ్యాలి. మార్చిలో, ఆ చోటు వచ్చినప్పుడు నువ్వు తల ఊపు. నేను వేలెత్తుతాను."

"ఏ చోటు?"

"నాలుగు నిమిషాల పది సెకన్లు. అప్పటిదాకా వయొలిన్లన్నీ కలిసి పోతుంటాయి. అక్కడ టక్కున ఆగిపోతాయి. ఓబో ఊదేవాడు ఒక్కడు మిగులుతాడు. సన్నటి గొంతు. అందరూ ఇళ్లకి పోయాక తోటలో ఒకడు వెనకబడి ఇంకా ఆపిల్ పళ్లు ఏరుకుంటున్నట్టు ఉంటుంది."

"అంత గుర్తుందా నీకు?"

"మాటలు గుర్తున్నాయి. నేనే కదా అన్నేళ్లు చెప్పాను. తలలో వినబడదు. అక్కడో గది ఉందని తెలుసు, తలుపు తెరిస్తే ఖాళీ."

ఎంత మామూలుగా అన్నాడో. నాకు ఏడుపొచ్చింది, టీ కెటిల్ వైపు తిరిగి నిలబడ్డాను.

"గడియారం చూసుకుని ఎత్తొచ్చుగా" అన్నాను.

"గడియారం చూసుకుంటూ ఎత్తితే అది నా వేలు కాదు, ట్రాఫిక్ పోలీసు చెయ్యి."

మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టాం. తను చెవుల్లో దూది పెట్టుకుని నా మొహం చూస్తూ కూర్చుంటాడు. నేను వినాలి. మొదటిసారి నాకేమీ తెలియలేదు. రెండోసారీ అంతే. నాలుగోసారికి తల ఊపాను. "ఇరవై సెకన్లు ముందు" అన్నాడు గడియారం చూసి. "అది క్లారినెట్ అయి ఉంటుంది. ఓపిక పట్టు."

జనవరి 22

ఇవాళ రెండు సార్లు సరిగ్గా ఊపాను. ఐవర్ చప్పట్లు కొట్టాడు, ఒక చేత్తో తొడ మీద.

ఫిబ్రవరి 3

రోజుకి మూడు సార్లు. అవసరం లేదు, నాకు ఎప్పుడో వచ్చేసింది. అయినా "ఇంకోసారి చూద్దాం, ఎందుకైనా మంచిది" అన్నాను.

ఫిబ్రవరి 11

బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. ఐవర్ గుమ్మంలో నిలబడి, "ఏమిటి గొణుగుతున్నావు?" అన్నాడు.

"ఏం లేదు. ఎన్ని తీశానో లెక్కపెట్టుకుంటున్నాను."

లెక్క కాదు. ఓబో. ఎంత సేపటి నుంచి పాడుతున్నానో నాకే తెలీదు. నా గొంతులోది పాటో, లెక్కో తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాడు పాపం. నేను తొక్కలు ఎత్తేశాను.

ఇది ఒక్కసారే రాస్తాను, మళ్లీ రాయను. నాకు అది ఇష్టమైపోయింది. ఆ ఓబో రాబోతోందంటే చేతిలో పని ఆపేస్తాను. ముప్పై ఏళ్లు గోడ అవతల కూర్చుని స్వెటర్లు అల్లాను. తను ఒక్కడే విన్నాడు, పక్కన ఎవరైనా ఉంటే బావుండునని ఎన్నిసార్లు అనుకుని ఉంటాడో. ఇప్పుడు నేను పక్కన ఉన్నాను. ఇప్పుడు తను లేడు.

మార్చి 6

డాక్టరమ్మ చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూసింది, కాలు చాలా నయం అంది. ఎర్ర పుస్తకం తిరగేసి మెచ్చుకుంది. సంగీతం గురించి ఐవరే అడిగాడు. "ఇంక దానికి అలవాటు పడిపోవడమే మంచిదండీ" అంది.

కొంతమందికి ఏడాది తర్వాత కూడా వచ్చిందట. డాక్టరమ్మ ఆ మాట అనలేదు. అడిగి ఉంటే అనేదేమో.

మార్చి 7

ఏమీ లేదు.

మార్చి 11, బుధవారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే రేపటికి నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

ఇరవై రెండు మంది వచ్చారు. ఐవర్ నీలం కోటు వేసుకున్నాడు. చేతికర్ర వద్దన్నాడు. గంటసేపు మాట్లాడాడు, రికార్డులు పెట్టాడు, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. జోకులు కూడా వేశాడు. నేను మూడో వరసలో చివరి కుర్చీలో, తనకి బాగా కనిపించే చోట కూర్చున్నాను. టీ అయ్యాక లైడ్ గురించి మొదలుపెట్టాడు. తోటలో వెనకబడిపోయినవాడి సంగతి చెప్పాడు. సంఘంలో పాత మనిషి మిసెస్ ప్రీస్ అప్పుడే రుమాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

అట్టలోంచి రికార్డు తీశాడు. ఎడమ చెయ్యి వణుకుతోంది, అందరూ మర్యాదగా వేరే వైపు చూశారు. కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి. సూది దించాడు.

హార్ప్ తీగలు మోగాయి.

లైడ్ సింఫనీలో హార్ప్ లేదు. మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా లేదు. అది వేరే రికార్డు. ఐవర్ కుర్చీలో వెనక్కి వాలి, ప్రశాంతంగా, నా మొహం వైపు చూస్తూ కూర్చున్నాడు.

లేచి, "ఐవర్, అది కాదు" అంటే సరిపోయేది. అంటే ఏమవుతుంది? ముప్పై ఏళ్లు విన్నవాడికి తన లైడ్ కాదని తెలియలేదా అని ఇరవై రెండు మందీ అడుగుతారు. అడగరు, అదింకా ఘోరం, అడక్కుండా జాలిపడతారు. ఎవరో ఒకరు లేస్తారు కదా అనుకున్నాను. గ్విలిమ్‌కి తెలీదా? ఏటా ఇదే రికార్డు, ఇదే హాలు. గ్విలిమ్ వైపు చూశాను. కాలు మీద కాలు వేసుకుని, కళ్లు మూసుకుని, పాదం ఆడిస్తున్నాడు. మిసెస్ ప్రీస్ తల పక్కకి వాల్చి వింటోంది. ఒక్కొక్కరినీ చూశాను. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. హార్ప్ జలజలా పోతూనే ఉంది. చాలా బాగుంది కూడా, ఆ సమయంలో కూడా నాకు ఆ సంగతి తెలుస్తూనే ఉంది.

గోడ గడియారంలో నాలుగు నిమిషాలు దాటింది. ఐవర్ కొంచెం ముందుకి జరిగాడు. నా కళ్లలోకే చూస్తున్నాడు.

తల ఊపాను.

ఐవర్ వేలెత్తాడు. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది, ఏటా పీల్చినట్టే. హార్ప్‌తో పాటు పదహారు వయొలిన్లు హోరెత్తిపోతుంటే అందులో వాళ్లందరికీ ఒంటరి ఓబో వినిపించింది. మిసెస్ ప్రీస్ కళ్లు ఒత్తుకుంది.

అయిపోయాక చప్పట్లు కొట్టారు. ఐవర్ రికార్డు ఎత్తి, అట్టలో పెట్టబోతూ, అలవాటుగా కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. రికార్డు మధ్యలో అంటించిన పేరు చీటీ చదివాడు. చదవడం నేను చూశాను. అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపు పట్టుకున్నాడు. తర్వాత అట్టలోకి తోసేశాడు.

గ్విలిమ్ వచ్చి చెయ్యి కలిపాడు. "ఆ ఓబో ఉంది చూశావూ, ఎన్నిసార్లు విన్నా నా ఒళ్లు జలదరిస్తుంది."

"అవును గ్విలిమ్. ఈసారి మరీ బాగా వాయించాడు" అన్నాడు ఐవర్.

మార్చి 12

పొద్దున నేను రొట్టె కాలుస్తుంటే ఐవర్ అన్నాడు.

"తల ఊపావు."

"ఊపాను."

"సరిగ్గా సమయానికే ఊపావు."

"గోడ గడియారం చూశాను."

"ట్రాఫిక్ పోలీసు" అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు.

లైడ్ అట్టలోకి ఆ రికార్డు ఎలా వచ్చిందని అడిగాను. నేను మార్చలేదు.

"నేనే. మంగళవారాలు, మొన్నటి దాకా. నువ్వు సంతకి పోగానే ఒక్కొక్కటీ తీసి పెట్టి చూసేవాణ్ణి. రెండు వేలలో ఏదో ఒకటైనా పలక్కపోతుందా అని. అన్నీ గిన్నెలే. కొన్ని పెద్ద గిన్నెలు, కొన్ని చిన్న గిన్నెలు. చివరికి ఏది ఏ అట్టలోదో చూసే ఓపిక కూడా ఉండేది కాదు, దొరికిన అట్టలో దూర్చేసేవాణ్ణి."

తను స్నానానికి వెళ్లాక చూశాను. అరవై మూడు రికార్డులు తప్పు అట్టల్లో ఉన్నాయి. ఆ మంగళవారాలన్నీ ఎర్ర పుస్తకంలో గీతలు గీసి మరీ రాశాను. ఐవర్ అవన్నీ చదివాడు. నేను సంతోషపడుతున్నానని నోరు మెదపలేదు.

మధ్యాహ్నం ముందు గదిలో కూర్చున్నాక మళ్లీ తనే తీశాడు.

"ముప్పై ఏళ్లు వాళ్లకి లైడ్‌ని వినిపించాను థెల్మా. ఒక్కడు కూడా వినలేదు. నా వేలు చూశారు, అంతే."

"మర్యాదకి ఊరుకుని ఉంటారు" అన్నాను.

"గ్విలిమ్‌కి ఒళ్లు జలదరించిందట."

తను అలమారా వైపు తిరిగాడు.

"నీకు తెలిసింది కదా. ఎప్పుడు?"

"మొదట్లోనే."

"హార్ప్ వినగానే."

"ఊఁ."

"అయితే ఒక్కదానివి విన్నావు." అని నా వైపు తిరిగాడు. "బాగుంటుందా అది? లైడ్‌ది. నిజం చెప్పు."

లేదని చెబితే అన్నేళ్లూ దండగ. ఉందని చెబితే నా దగ్గరుంది, తన దగ్గర లేదు. అబద్ధం చెప్పడం నాకు బాగానే వచ్చు, ఎర్ర పుస్తకం నిండా అవే.

"బాగుంటుంది" అన్నాను.

తల ఊపాడు. లేచి, టీ కప్పులు రెండూ ఒక్క చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్లి కడిగాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

మార్చి 16

భోజనం అయ్యాక ఐవర్ కోటు వేసుకున్నాడు. "కాలికి మంచిది, ఒక గంట నడిచి వస్తాను. నువ్వు రికార్డు పెట్టుకో" అన్నాడు.

"నువ్వు లేకుండా నాకెందుకు?"

"నేనుంటే నాకు కష్టం, నిన్ను చూస్తే ఇంకా కష్టం. ఎవరో ఒకరు వినాలి కదా. అలమారా నాలుగో అరలో ఎడమవైపు నుంచి మొదలుపెట్టు, అవి తేలిక."

వెళ్లాడు. నేను పెట్టలేదు. గంటకి వచ్చి రికార్డు ప్లేయర్ మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. "రేపు పెట్టు" అన్నాడు, కొంచెం కోపంగానే.

మార్చి 17

పెట్టాను.

మార్చి 24

రోజూ గంట. రెండింటికి వెళ్లి మూడింటికి వస్తాడు. ఏది విన్నావని అడుగుతాడు, పేరు చెబుతాను, అది రాసినవాడి గురించి ఏదో ఒకటి చెబుతాడు. ఎలా ఉందని మాత్రం అడగడు. ఎర్ర పుస్తకంలో: రోజూ గంట నడుస్తున్నాడు. ఇది నిజమే.

ఏప్రిల్ 9, గురువారం

పొద్దుటి నుంచి వాన. ఇవాళ వద్దులే అన్నాను. "గొడుగుంది" అని వెళ్లాడు. గాలికి ఆ గొడుగు ఎంతసేపు నిలుస్తుంది?

ఇవాళ విన్నది ఒక ఆవిడ రాసింది, పేరు ఆగ్నెస్ ట్రెంథమ్. మొన్న హాల్లో మోగిన హార్ప్ ఈవిడదే. ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకోలేదు. ఇవాళ ధైర్యం చేసి పెట్టాను. ఎంత బాగుందంటే కూర్చోలేక లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను.

ఐవర్ రోడ్డుకి అవతల బస్సు స్టాపులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడికీ నడవలేదు. బహుశా ఏ రోజూ నడవలేదేమో. గొడుగు విరిగి పక్కన పడి ఉంది. స్టాపు రేకు కప్పు కింద కూడా జల్లు కొడుతోంది, కోటు ఒక పక్కంతా నల్లగా తడిసింది. ఎడమ చేతిని కుడి చేత్తో రుద్దుకుంటున్నాడు. ఇంటి వైపు చూడటం లేదు.

తలుపు తీసి పిలిస్తే వస్తాడు. పిలిస్తే రికార్డు ఆపాలి. ఆపితే రేపు ఇంకా దూరం పోతాడు. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ నేను పిలవకపోవడానికి కారణం ఇవి కాదు. రికార్డు ఆ వైపు ఇంకా ఎనిమిది నిమిషాలు ఉంది, నాకు వినాలని ఉంది.

అయిపోయాక సూది ఎత్తి, తువ్వాలు తీసుకుని గుమ్మం దాకా వెళ్లాను. తలుపు అద్దంలోంచి చూశాను. ఐవర్ చేతి గడియారం చూసుకున్నాడు. మూడు కావడానికి ఇంకా పాతిక నిమిషాలు ఉంది. మళ్లీ చేతులు జేబుల్లో పెట్టుకుని, వానలో సర్దుకుని కూర్చున్నాడు.

నేను వెనక్కి వచ్చి రికార్డు రెండో వైపు తిప్పాను.